ఉక్కు గొట్టాలకు రసాయన కవచం
అండమాన్ తూర్పు తీరానికి 17 కిలోమీటర్ల దూరంలోని శ్రీవిజయపురం-2 బావిలో సహజవాయువు జాడ లభించినట్లు కేంద్రం 2025 సెప్టెంబరులో ప్రకటించింది. కాకినాడలో పరీక్షించిన నమూనాలలో 87 శాతం మీథేన్ ఉన్నట్లు తేలింది.

సహజవాయువులో తరచుగా కార్బన్ డయాక్సైడ్ కూడా ఉంటుంది. పొడిగా ఉన్నంతవరకు అది ఉక్కుకు హాని చేయదు. నీటిలో కరిగితే కార్బానిక్ ఆమ్లంగా మారి గొట్టాన్ని లోలోపలే తినివేస్తుంది. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ గొట్టం పేలి 20 మందికి పైగా మరణించారు. తడి వాయువు వల్ల లోపల పట్టిన తుప్పే కారణమని విచారణలో వెల్లడైంది.

దీని నివారణకు ఇమిడజోలిన్, అమైన్ వర్గాల నిరోధకాలను స్వల్ప మోతాదులో గొట్టంలోకి నిరంతరం పంపుతారు. వీటి అణువులో ఒక కొన లోహాన్ని అంటిపెట్టుకోగా, నూనె స్వభావం గల రెండవ కొన నీటిని దరిచేరనివ్వదు. సరఫరా ఆగితే ఆ పొర చెదిరిపోతుంది. అందువల్ల వాయువులోని నీటిని తొలగించడం, గొట్టాలను శుభ్రపరచడం కూడా తప్పనిసరి.