సైక్లోను పట్టాలు

పాతదానిని పారవేసి క్రొత్తదానిని కొనుటయే అమెరికా స్వభావమని మా ఊరు కదిరిలోని బంధుమిత్రులు చాలమంది నమ్ముచుందురు. ఆ నమ్మకము పూర్తిగా అసత్యము కాదు. కాని న్యూయార్కు నగరపు సముద్రతీరమున, కోనీ ఐలాండ్ అను చోట, 1927 జూన్ 26వ తేదీన తొలిసారి పరుగెత్తి నేటికిని పరుగెత్తుచున్న 'సైక్లోను' అను రోలర్ కోస్టరు కథ వినినచో, ఆ నమ్మకమును కొంత సవరించుకొనక తప్పదు.

ఈ వినోదమునకు పుట్టినిల్లు బొగ్గుగని. పెన్సిల్వేనియాలోని మాక్ చంక్ కొండపై 1827లో వేసిన పట్టాలమీద బొగ్గుబండ్లు తమ బరువుతోనే జారి దిగుచుండెడివి. ఖాళీబండ్లను పైకి లాగిన కంచరగాడిదలు దిగునప్పుడు తామును బండ్లెక్కి వచ్చెడివి. కాలక్రమమున జనులు సరదాకై ఆ బండ్లనెక్కజొచ్చిరి. 1884లో లామార్కస్ థామ్సన్ కోనీ ఐలాండ్‌లో గంటకు ఆరుమైళ్ల వేగపు బండిని నడిపి, మనిషికి ఐదు సెంట్లు పుచ్చుకొనెను. 1920లో సబ్‌వే అక్కడికి చేరగా, ఇటలీనుండియు తూర్పు ఐరోపానుండియు ఓడలపై వచ్చి ఇరుకుగదులలో కాపురముండిన కూలి కుటుంబములు మరి ఐదు సెంట్ల ఛార్జీతో సముద్రపుగాలికి రాగలిగినవి. వలసవచ్చినవాడను గనుక ఈ ఘట్టము నా మనస్సునకు మిక్కిలి దగ్గర.

సైక్లోనుకు ఎముకలు ఉక్కువి, దారి కొయ్యది. పలకలను పొరలుగా పేర్చి, బోల్టులతో బిగించి, పైన సన్నని ఇనుపపట్టీ పరతురు. బండి చక్రములు పట్టాకు పైన, ప్రక్కన, అడుగున మూడువిధములుగా పట్టుకొనియుండును. ఎనుబదియైదు అడుగులనుండి దూకిన బండి లోయలో మలుపు తిరుగునప్పుడెల్ల పట్టీ కొయ్యలోనికి నొక్కుకొనును. ఉప్పుగాలికి బోల్టు త్రుప్పుపట్టును. తేమకు పలక ఉబ్బి, ఎండకు కుంచించుకొని, బిగువు సడలును. అందుచేత ప్రతి ఉదయమును, పాకాల-ధర్మవరము రైలు లైనుమీద సుత్తి పట్టుకొని నడచు గ్యాంగుమాను వలెనే, ఒక మనిషి ఆ దారి పొడవునను ఎక్కుచు దిగుచు, సడలిన బోల్టును బిగించుచు, చీలిన పలకను గుర్తించుచు నడచును. తరువాత ఖాళీబండిని త్రిప్పి చూచి గాని మనుష్యులను ఎక్కనీయరు. శీతకాలమున మూసియుంచినప్పుడు అరిగిన భాగములను ఊడదీసి క్రొత్త కొయ్య వేయుదురు. 1927 నాటి పలక నేడు వెదకినను దొరకుట అరుదు.

ఈ శ్రద్ధ ఎల్లకాలమును ఉండలేదు. 1929 తరువాతి ఆర్థికమాంద్యము, యుద్ధము, అటుపై కార్లెక్కి దూరపు బీచీలకు పోవు అలవాటు కోనీ ఐలాండ్‌ను క్షీణింపజేసినవి. 1970ల తొలిభాగమున సైక్లోనును పడగొట్టి ప్రక్కనున్న జలచరశాలను విస్తరింపవలెనని యోచించిరి. పౌరులు అడ్డుపడిరి, మరమ్మతులు జరిగి 1975లో అది మరల నడచినది. 1963లో న్యూయార్కులోని పెన్సిల్వేనియా స్టేషనును కూల్చనారంభింపగా కలిగిన పరితాపమునుండి పుట్టిన 1965 నాటి కట్టడముల రక్షణచట్టము 1988లో సైక్లోనుకును నీడనిచ్చినది. అంతటి గౌరవము నోచని పొరుగు రోలర్ కోస్టరు 'థండర్‌బోల్ట్' దిక్కులేక తుప్పలమధ్య నిలిచి, 2000లో కూల్చబడినది.

చట్టమున్నంతమాత్రమున యంత్రము అరుగక మానదు. 2024 ఆగస్టులో బండిని పైకెక్కించు గొలుసును లాగు పళ్లచక్రమున పగులు కనబడి, బండి మధ్యలోనే నిలిచినది. ఎక్కినవారిని నడిపించి దింపి, తనిఖీలు ముగియునంతవరకు ద్వారములు మూసియుంచిరి. మూయుటకు సందేహింపకుండుటయే ఈ వృత్తిలో నిజమైన దక్షతయని నా అభిప్రాయము.

మన ఊరి రథమును ఇట్టి మరమ్మతులతోనే నిలిచియున్నది గనుక, కదిరివారికి నాదొక్క విన్నపము. ఖాద్రీ నరసింహస్వామి రథమునకు ఏయేట ఏ ఇరుసు మార్చిరో, ఏ కొయ్య వాడిరో, ఏ వడ్రంగులు పనిచేసిరో ఎరిగిన పెద్దలు మనలో ఉన్నారు. వారిని అడిగి వ్రాసియుంచుడు.