దంతధావనము: శాస్త్రమును, ఆచారమును

కొయ్యూరు పేరు వినినంతనే, 1924వ సంవత్సరము మే 7వ తేదిని అచ్చట అల్లూరి సీతారామరాజు తుపాకికి బలియైన వృత్తాంతము చదువరులకు స్ఫురింపక మానదు. ఆ యూరిని చుట్టుకొనియున్న మన్యసీమకు ప్రతిదినము ప్రొద్దున పందుంపుల్లతో ఆరంభమగు గృహచరిత్రము కూడ గలదు. బిడ్డలకు నోటిశుభ్రత నేర్పగోరువారు దానిని తెలిసికొనుట మేలు.

దంతకాష్ఠము పండ్రెండంగుళముల పొడవును, చిటికెనవ్రేలంత లావును ఉండవలెనని సుశ్రుతుడు విధించెను. చేదు చెట్లలో వేపయు, వగరు వానిలో చండ్రయు, తీపి వానిలో ఇప్పయు, కారపు వానిలో కానుగయు శ్రేష్ఠములని యాతని మతము. దినమునకు రెండు వేళలను, చిగుళ్లు నొవ్వకుండ తోమవలెనని చరకుడు చెప్పి, నాలుకబద్దను గూర్చియు వ్రాసెను. ఈ నాలుగు వృక్షములును తూర్పుకనుమలలో పెరుగునవే. కాసు వెచ్చింపక దొరకు సాధనము మన్యపు బిడ్డకు పెరటిలోనే యున్నదన్నమాట.

అట్టి సీమలో నోటికి ఇంత కీడు కలుగుటకు కారణమేమి? శాస్త్రము గ్రంథములందుండగా ఆచారము ఇంట నుండెను. విశాఖపట్టణ, శ్రీకాకుళ ప్రాంతములలో స్త్రీలు చుట్ట వెలిగించి, నిప్పుకొనను నోటిలోనికి త్రిప్పి పీల్చుదురు. దీనినే అడ్డపొగ యందురు. గాలికి నిప్పాఱదనియు, బూడిద చంటిబిడ్డపై రాలదనియు సమాధానము చెప్పుదురు. ఆ వేడికి అంగిలి మాడి తెల్లబడును. కొందఱికి కాలక్రమమున పుండగును. ఈ చుట్ట వలని అంగిలి క్యాన్సరును బొంబాయి వైద్యుడు ఖానోల్కరు 1945లో లోకమునకు వెల్లడించెను. 1971లో ప్రకటింపబడిన పరిశీలనమున 10,169 మంది గ్రామీణులను పరీక్షింపగా, నూటికి నలుబదిమందికి పైగా అడ్డపొగ త్రాగువారని తేలెను.

ఈ యలవాటును ఏ బడియు నేర్పలేదు. తల్లిని చూచి కూతురును, అవ్వను చూచి మనుమరాలును నేర్చుకొనిరి. పందుంపుల్లయు అట్లే నేర్చుకొనబడినది. మంచియు చెడుగును ఒకే త్రోవను ఇల్లు చొచ్చినవి. కావున పిల్లవానికి నూఱుమార్లు చెప్పిన నీతికంటె పెద్దలు ఒకమారు మానిన దురలవాటే వాని మనస్సున నాటును.

పెద్దలు మారుదురా యని సందేహింపవలదు. కేరళ, గుజరాతు, ఆంధ్రదేశములందు పొగాకు వాడు 36,000 మందిని వైద్యులు ఏటేట పరీక్షించి బోధించిరి. అయిదేండ్లకు, బోధ లేనివారికంటె వారిలో మానినవారు అధికముగ కానవచ్చిరని 1986లో ప్రకటించిరి. 2003వ సంవత్సరపు చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదని నిషేధించినది. కాని ఇంట తాత చుట్టను మనుమని చేత వెలిగింపించుచుండ, ఆ చట్టము గడప దాటి రాగలదా?

ఇక నేర్పవలసినది స్వల్పమే. పంటిని పట్టిన సూక్ష్మజీవులు చక్కెర తిని ఆమ్లము పుట్టించును. అది పంటిపై పింగాణిని కరగించును. నిద్రలో లాలాజలము తగ్గును గనుక రాత్రి పరుండుటకు ముందు తోముట ముఖ్యము. బొగ్గుపొడి, ఇటుకపొడి పింగాణిని అరుగదీయును, వాడరాదు. ఫ్లోరైడు గల పేస్టు మూడేండ్లలోపు బిడ్డకు బియ్యపుగింజంతయు, ఆఱేండ్ల వఱకు బఠాణీగింజంతయు చాలును, మ్రింగకుండ చూడవలెను. ఏడెనిమిదేండ్లు వచ్చువఱకు పెద్దలు దగ్గఱనుండి తోమింపవలెను.

బడిలో మేము పాఠము చెప్పగలము. ఆ రాత్రి తల్లియు తండ్రియు బిడ్డ ప్రక్కన నిలిచి తామును పండ్లు తోముకొన్ననే ఆ పాఠము పూర్తియగును.