సంతకం నుంచి అయిదో తరగతి దాకా

ప్రాథమిక విద్య పూర్తిచేసిన పెద్దవాళ్లు ఏ దేశంలో ఎంతమంది అని అడిగితే ఇవాళ యునెస్కో పట్టికలో క్షణంలో శాతం కనిపిస్తుంది. రెండు దేశాలను పక్కపక్కన పెట్టి ఎవరు ముందో ఎవరు వెనకో చెప్పేయొచ్చు. చెప్పొచ్చు గానీ, దేన్ని కొలిచారన్నది చూడకుండా చెబితే బోల్తా పడతాం.

చదువును మొదట్లో కొలిచింది సర్కారు కాదు, చర్చి. స్వీడన్‌లో 1686 నాటి చర్చి చట్టం పాలేర్లూ పనిమనుషులతో సహా ఆడామగా అందరూ మతగ్రంథాలు చదవగలగాలంది. ఊరి మతగురువు కుటుంబాలవారీగా పరీక్ష పెట్టి, ఎవరికి ఎంత వచ్చో రిజిస్టరులో గుర్తు వేసుకునేవాడు. రాయడం వచ్చా అని ఎవరూ అడగలేదు. పేటకో బడి ఉండాలన్న చట్టం 1842లో గానీ రాలేదు. ఆపాటికి చాలామంది చదువరులు ఇంట్లోనే తయారయ్యారు.

ఇంగ్లండ్ పద్ధతి వేరు. 1754 నుంచి పెళ్లి రిజిస్టరులో వధూవరులు సంతకం పెట్టాలి. రానివాళ్లు గుర్తు వేయాలి. 1840 ప్రాంతంలో పెళ్లికొడుకుల్లో మూడింట రెండొంతుల మంది, పెళ్లికూతుళ్లలో సగం మంది సంతకం పెట్టారు. అక్కడ చదవడం ముందు నేర్పి రాత తర్వాత నేర్పేవారు కనక, గుర్తు వేసి ఊరుకున్నవాళ్లలోనూ బైబిలు చదవగలిగినవాళ్లు ఉండే ఉంటారు. ఇదే సంతకం పరీక్ష స్వీడన్‌లో పెడితే ఎంతోమంది రైతులు తప్పేవారు.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1822లో గవర్నర్ థామస్ మన్రో బడుల లెక్క తీయమని కలెక్టర్లను ఆదేశించాడు. తెలుగు, కన్నడ బడులు రెండూ ఉన్న బళ్లారి జిల్లా నుంచి 1823లో కలెక్టర్ క్యాంప్‌బెల్ పంపిన నివేదికలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు అరవై మంది. జిల్లా జనాభా తొమ్మిది లక్షల పైచిలుకు. అంకెలు దిగులు పుట్టిస్తాయి గానీ, ఆ నివేదికలో బడి మాత్రం కళ్లకు కడుతుంది. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్నా. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు. ఆలస్యమైనకొద్దీ దెబ్బలు పెరిగేవి.

1911 జనగణనకు వచ్చేసరికి స్నేహితుడికి ఉత్తరం రాసి, అతని జవాబు చదువుకోగలిగితేనే అక్షరాస్యుడు. ఆ పరీక్ష నెగ్గినవాళ్లు దేశంలో నూటికి ఆరుగురు కూడా లేరు. అదే ఏడాది జాతీయోద్యమ నాయకుడు గోఖలే నిర్బంధ ప్రాథమిక విద్య బిల్లు ప్రవేశపెట్టాడు; మరుసటి ఏడాది అది వీగిపోయింది.

ఉత్తరాలు, సంతకాలు పోయి ‘ఎన్నో తరగతి’ అన్న ప్రశ్న అంతర్జాతీయ కొలబద్దగా మారడం ఇటీవలి సంగతి. 1976లో యునెస్కో విద్యాస్థాయులకు ఉమ్మడి వర్గీకరణ తెచ్చింది. అయినా ప్రాథమిక విద్య అంటే జర్మనీలో చాలా రాష్ట్రాల్లో నాలుగేళ్లు, బెర్లిన్‌లో ఆరు, మనకు అయిదు, జపాన్‌లో ఆరు. కెన్యాలో 1985 నుంచి 2023 దాకా ఎనిమిది! ఆ రోజుల్లో ఆరేళ్లు చదివి మానేసిన కెన్యా కుర్రాడు సొంత దేశంలో ‘మధ్యలో ఆపినవాడు’. అదే నాలుగేళ్లు చదివిన జర్మన్ పిల్ల పూర్తిచేసినట్టే.

రాబర్ట్ బారో, జాంగ్ వా లీ అనే ఆర్థికవేత్తలు 1993 నుంచి ఇలాంటి లెక్కలన్నీ ఒకచోట చేర్చారు. 2013లో వాళ్లు ప్రచురించిన పట్టిక 146 దేశాలను 1950 నుంచి 2010 దాకా అయిదేళ్లకోసారి చూపిస్తుంది. జనగణన లేని ఏళ్లను అంచనాతో పూరించారు. ఆ అంచనాకు ఆధారం ఉంది: పన్నెండేళ్లకు అయిదో తరగతితో ఆపేసిన మనిషి మామూలుగా చివరిదాకా ఆ గడిలోనే ఉంటాడు. కనక 2010లో అరవై ఏళ్లవాళ్ల చదువు చూస్తే నిజానికి కనబడేది 1950ల చివరి బడి.

దక్షిణ కొరియా పట్టికలో ఎగబాకిందంటే కారణం అక్కడుంది. కొరియా యుద్ధం ముగిశాక 1954లో ఆరేళ్ల ప్రణాళిక వేసుకుని, 1959 నాటికి ప్రాథమిక బడి ఈడు పిల్లల్లో 90 శాతానికి పైగా బడిలో చేర్చారు. మన రాజ్యాంగం 45వ అధికరణం 1950లో పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత నిర్బంధ విద్య అందించేందుకు ప్రయత్నించాలంది. విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. నడుమ జారిపోయిన తరాలు ఇంకా పట్టికలో ఉన్నాయి.

ఈ పట్టికకు అందని చదువూ ఒకటుంది. 1991లో నెల్లూరు జిల్లాలో రాత్రి బడులకు వెళ్లిన ఆడవాళ్లు వాచకంలో సారా మీది పాఠం చదివి, దూబగుంటలో దుకాణాలు మూయించారు. ఆ ఉద్యమం జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. జనగణనలో అలాంటివాళ్లకు ‘విద్యాస్థాయి లేని అక్షరాస్యులు’ అని ఒక గడి ఉంది. పూర్తిచేసిన తరగతినే అడిగే అంతర్జాతీయ పోలికలో మాత్రం వాళ్లు బడి మొహం చూడనివాళ్ల వరసలోనే ఉంటారు.