కయ్యానికి సమవుజ్జీ
(టెస్టు క్రికెట్టు చరిత్రలో కొన్ని తగవులు)

ఉగాది సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాయవలసిందని సంఘం పెద్దలు సెలవిచ్చారు. శాతవాహనులను గురించీ, కాకతీయులను గురించీ వ్రాయడానికి మాకంటె చదువుకొన్నవారు మనలో చాలామంది ఉన్నారు. మాకు అంతో ఇంతో కంఠస్థమైన చరిత్ర ఒక్కటే. అది టెస్టు క్రికెట్టు చరిత్ర. కనుక దానినే విన్నవించుకొంటాము. మధ్యలో కొందరు మహానుభావులను గురించి నోరు జారితే పెద్దలు మన్నించాలి. అభిమాని నోటికి తాళం ఉండదు గదా!

కయ్యానికైనా వియ్యానికైనా సమవుజ్జీ ఉండాలని సామెత. వియ్యం సంగతి అటుంచండి. కయ్యం విషయంలో మాత్రం ఈ సామెత క్రికెట్టుకు అతకదని మా వాదం. సమవుజ్జీలు తలపడితే వచ్చేది ఆవులింత. అసలైన కయ్యం పుట్టాలంటే ఒకడు రెండవవాణ్ణి చులకన చేయాలి. ఆ చులకనను రెండవవాడు మనసులో దాచుకోవాలి. చరిత్ర చూస్తే ఇదే కనబడుతుంది.

మొదట ఇంగ్లండు, ఆస్ట్రేలియాల సంగతి. 1882 ఆగస్టులో లండను నగరపు ఓవల్ మైదానంలో ఈ రెండు జట్లకూ టెస్టు జరిగింది. ఆస్ట్రేలియా రెండవ ఇన్నింగ్సులో శామ్ జోన్సు అనే కుర్రవాడు, ఇక బంతి పని అయిపోయిందనుకొని, పిచ్చి మీది మట్టి సరిచేయడానికి గీత దాటి వచ్చాడు. డబ్ల్యు.జి. గ్రేసు చటుక్కున బెయిల్సు పడగొట్టి అతణ్ణి రనౌటు చేశాడు. గ్రేసు గడ్డం చూస్తే మునీశ్వరుడు. చేసిన పని చూస్తే సంతలో తక్కెడ నొక్కే వర్తకుడు. నిబంధన ప్రకారం తప్పులేదన్నారు. కాని స్పాఫర్తు అనే బౌలరుకు ఒళ్లు మండిపోయింది. గెలవడానికి 85 పరుగులు చాలిన ఇంగ్లండు 77కే కూలింది. స్పాఫర్తు రెండు ఇన్నింగ్సులలో కలిపి 90 పరుగులిచ్చి 14 వికెట్లు తీశాడు.

ఇంగ్లండు క్రికెట్టు చనిపోయిందనీ, దహనం చేసిన పిమ్మట బూడిదను ఆస్ట్రేలియాకు తీసికొనిపోతారనీ ఒక లండను పత్రిక వెక్కిరింతగా మరణవార్త వేసింది. ఆ బూడిదే "యాషెస్". దాని పేర వెలసిన చిన్న బుడ్డి, ఎవరు గెలిచినా లార్డ్సులోనే ఉంటుంది. మనమైతే అస్థికలను గోదావరిలో కలిపి, స్నానం చేసి, ఇంటికి వస్తాము. వాళ్లు 140 ఏండ్లకు పైగా కొట్టుకొంటూనే ఉన్నారు.

ఇక మన సంగతి. 1932 జూన్‌లో లార్డ్సులో భారత జట్టు తన మొదటి టెస్టు ఆడింది. నాయకుడెవరు? 1895లో మన ఈ నాగపూరులో తెలుగు ఇంట పుట్టిన కొఠారి కనకయ్య నాయుడుగారు. ఆ యాత్రకు పెద్ద పోరుబందరు మహారాజు. ఆయన టెస్టునాడు తప్పుకొని నాయకత్వం నాయుడుగారికి వదిలారు. మహారాజు మన క్రికెట్టుకు చేసిన మహోపకారం ఆ రోజు ఆడకపోవడమే! ఇంగ్లండు మనకు విదిలించినది ఆ వేసవి మొత్తానికి ఒకే ఒక్క టెస్టు. ఐనా ఆట మొదలైన కాసేపటికే నిస్సారు ఇద్దరిని బౌల్డు చేశాడు, మూడవవాడు రనౌటు. 19 పరుగులకు 3 వికెట్లు! నాయుడుగారు చేతికి దెబ్బ తగిలినా మొదటి ఇన్నింగ్సులో 40 చేశారు. మనవైపు అదే పెద్ద లెక్క. చివరకు 158 పరుగులతో ఓడినాము. కాని ఒక్క పూటైనా దొరలకు చెమటలు పట్టాయి.

ఆ టెస్టులో ఇంగ్లండు నాయకుడు బొంబాయిలో పుట్టిన డగ్లస్ జార్డిను. అదే సంవత్సరం చలికాలంలో ఆయన ఆస్ట్రేలియాకు వెళ్లాడు. 1930లో బ్రాడ్మను 5 టెస్టులలో 974 పరుగులు చేసి ఇంగ్లండు పరువు తీశాడు. దానికి జార్డిను కనిపెట్టిన మందు, వికెట్లకు బదులు ఒంటికి గురిపెట్టి బంతులు వేయించడం. అదే "బాడీలైన్". వేసినవాడు హెరాల్డ్ లార్వుడ్, బొగ్గుగని కూలి. ఇంగ్లండు 4-1తో గెలిచింది. లార్వుడ్‌కు 33 వికెట్లు. తీరా ఇంటికి వచ్చాక క్షమాపణ చెప్పమని పెద్దలు అడిగినది ఎవరిని? ఆజ్ఞ ఇచ్చిన దొరను కాదు, ఆజ్ఞ పాటించిన కూలిని. అతడు చెప్పనన్నాడు. మరి టెస్టు ఆడలేదు. 1950లో భార్యాపిల్లలతో వలసపోయి, ఎవరి డొక్కలమీద బంతులు వేశాడో ఆ ఆస్ట్రేలియాలోనే స్థిరపడ్డాడు. అక్కడివారు అతణ్ణి ఆదరించారు. సొంతవారి చులకన శత్రువు దెబ్బకంటె ఎక్కువ నొప్పి అని అతనికి తెలిసే ఉంటుంది.

ఇంగ్లండు చులకన మనకు మరోసారి మేలు చేసింది. 1951-52లో భారతదేశానికి వారు పంపినది తమ అసలు జట్టును కాదు. హట్టను రాలేదు, కాంప్టను రాలేదు, బెడ్సరు రాలేదు. "వీళ్లకు వీళ్లు చాలు" అనుకొన్నారు కాబోలు. 1952 ఫిబ్రవరిలో మద్రాసు చెపాక్కులో వీనూ మన్కడ్ ఒక ఇన్నింగ్సులో 55 పరుగులకు 8 వికెట్లు తీశాడు. మనం ఇన్నింగ్సు 8 పరుగులతో గెలిచాము. మన 25వ టెస్టులో మన మొదటి గెలుపు అది. గర్వపడి విర్రవీగేలోపునే, నాలుగు నెలలకు లీడ్సులో అసలు జట్టు ఎదురై, 0 పరుగులకే మన 4 వికెట్లు లేపేసింది. ఆ సున్నా కూడా మన చరిత్రే, దాచుకోనక్కరలేదు.

ఇంతకంటె ఘోరమైన చులకన ఇరుగుపొరుగుల మధ్య జరిగింది. 1946 మార్చిలో వెల్లింగ్టనులో ఆస్ట్రేలియా న్యూజీలాండుతో ఒక టెస్టు ఆడి, 42కూ 54కూ పడగొట్టి, ఇంటికి పోయింది. మళ్లీ టెస్టు ఆడినది ఎప్పుడు? 1973 డిసెంబరులో. మా రైల్వేలో బండి గంట ఆలస్యమైతే సంజాయిషీ వ్రాయాలి. ఆస్ట్రేలియా 27 ఏండ్లు ఆలస్యంగా వచ్చినా అడిగే నాథుడు లేడు. న్యూజీలాండు మాత్రం మరచిపోలేదు. 1974 మార్చిలో క్రైస్ట్‌చర్చిలో గ్లెన్ టర్నరు రెండు ఇన్నింగ్సులలోనూ సెంచరీలు కొట్టి గెలిపించాడు. 1985లో బ్రిస్బేనులో రిచర్డ్ హాడ్లీ ఒక్కడే ఒక ఇన్నింగ్సులో 52 పరుగులకు 9 వికెట్లు తీశాడు. పొరుగువాడు లెక్కపెట్టని ఇంటివాడు తానే అంతా లెక్కపెట్టుకొంటాడు.

1976లో ఇంగ్లండు నాయకుడు టోనీ గ్రెగ్ వెస్టిండీసువారిని మోకాళ్లమీద ప్రాకిస్తానని టెలివిజనులో అన్నాడు. తాతలు బానిసలుగా బ్రతికిన జట్టును, దక్షిణాఫ్రికాలో పుట్టిన తెల్లవాడు అనవలసిన మాటేనా అది? ఓవల్‌లో మైకేల్ హోల్డింగు 149 పరుగులకు 14 వికెట్లు తీశాడు. సిరీసు 3-0. ఆ మైదానంలోనే గ్రెగ్ వెస్టిండీసు ప్రేక్షకుల ముందు తానే మోకాళ్లమీద ప్రాకి చూపించాడు. అన్నమాట తప్పిందని ఒప్పుకొన్నందుకు మాత్రం ఆయనకు ఒక నమస్కారం.

మరి సమవుజ్జీల మాటేమిటి? భారత్, పాకిస్తానులను చూడండి. ఒకే ఇంటి పాలివాళ్లు. పాకిస్తాను మొదటి నాయకుడు కార్దారు 1946లో మన జట్టుతో ఇంగ్లండు వెళ్లి టెస్టులు ఆడినవాడే. 1952లో మొదటి మూడు టెస్టులు ముచ్చటగా సాగాయి: మనకు రెండు, వారికి ఒకటి. ఆ తరువాత వరుసగా 13 టెస్టులు డ్రా! 1954-55లో ఐదుకు ఐదూ డ్రా, 1960-61లో ఐదుకు ఐదూ డ్రా. గెలవాలన్న కోరికకంటె ఓడితే ఇంటికెలా పోవాలన్న భయం ఇద్దరికీ ఎక్కువ. ప్రపంచంలోకెల్ల గొప్ప స్పర్ధ అని చాటుతారు గాని, ఈ రెండు జట్లకూ 2007 డిసెంబరులో బెంగుళూరులో ఆడిన పిమ్మట టెస్టే లేదు. వాటి చరిత్రలో మాకు నచ్చిన ఘట్టం బ్యాటుది కాదు, బంతిదీ కాదు. 1999 జనవరిలో చెన్నైలో సచిన్ 136 కొట్టినా మనం 12 పరుగులతో ఓడినాము. అప్పుడు అక్కడి ప్రేక్షకులు లేచి నిలబడి పాకిస్తాను జట్టుకు చప్పట్లు కొట్టారు. కళ్లనీళ్లు తుడుచుకొంటూ కొట్టిన చప్పట్లకు విలువ కట్టగలమా?

ఇంతవరకు ఇతరుల తప్పులు ఎన్నాము. ఇప్పుడు మన తప్పు చెప్పక తప్పదు. బంగ్లాదేశ్ తన మొట్టమొదటి టెస్టును 2000 నవంబరులో ఢాకాలో మనతోనే ఆడింది. మొదటి ఇన్నింగ్సులోనే 400 చేసింది. ఆ తరువాత మనం వారింటికి వెళ్లి ఆడి వచ్చాము. మన ఇంటికి మాత్రం పిలవలేదు. పిలిచినది 2017 ఫిబ్రవరిలో, హైదరాబాదుకు. 16 ఏండ్లు దాటింది! న్యూజీలాండును ఆస్ట్రేలియా ఎలా చూసిందో, పొరుగువాణ్ణి మనమూ అలాగే చూశాము. ఒక్క టెస్టు విదిలించారని 1932 నాటి ఇంగ్లండును ఆడిపోసుకొన్న మనమే, డబ్బూ బలమూ వచ్చేసరికి ఇంగ్లండుతోను, ఆస్ట్రేలియాతోను ఐదేసి టెస్టులు ఆడుతూ, చిన్న జట్లు వస్తే రెండింటితో సాగనంపుతున్నాము. కోడలు అత్త అయితే ఆరళ్లు మరచిపోతుందా?

చులకనకు జవాబు వచ్చి తీరుతుంది. న్యూజీలాండు మన గడ్డమీద మొదటి టెస్టు ఆడినది 1955 నవంబరులో, హైదరాబాదు ఫతే మైదానంలో. ఇక్కడ మొదటిసారి గెలిచినది 1969లో, మన నాగపూరులోనే, 167 పరుగులతో. మళ్లీ 1988లో బొంబాయిలో ఒకటి. 69 ఏండ్లలో అంతే. 2024 అక్టోబరులో వచ్చినప్పుడు వారిని ఎవరు లెక్కచేశారు? బెంగుళూరులో మనలను 46 పరుగులకు కూల్చారు. పుణెలో గెలిచారు, ముంబయిలో గెలిచారు. మూడు వారాలలో 3-0! మేమైతే రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడవనాడు మాత్రం, వాళ్లు గెలవవలసిన వాళ్లేనని ఒప్పుకొన్నాము.

ఇక ఒక మంచి మాటతో ముగిస్తాము. 1960-61లో ఫ్రాంక్ వారెల్ వెస్టిండీసు జట్టును ఆస్ట్రేలియాకు తీసికొనిపోయాడు. పూర్తి సిరీసుకు ఆ జట్టుకు నాయకుడుగా నియమింపబడిన మొదటి నల్లజాతివాడు ఆయనే. బ్రిస్బేను టెస్టు సరిసమానంగా ముగిసింది. టెస్టు చరిత్రలో అదే మొదటి టై. సిరీసు 2-1తో ఆస్ట్రేలియాకు పోయింది. ఐనా వారెల్ జట్టు బయలుదేరే రోజున మెల్బోర్ను వీధులలో లక్షలాది జనం నిలబడి వీడ్కోలు చెప్పారు. 1962లో బార్బడోసులో బంతి తగిలి మన నారీ కంట్రాక్టరుకు తల పగిలితే, రక్తమిచ్చినవారిలో ఆ వారెల్ ఒకడు. కయ్యమంటే అలా ఉండాలి.

కాబట్టి మా మనవి ఇది. పరాయి రాష్ట్రంలో తరతరాలుగా ఉన్నవాళ్లము. చులకన ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఈసారి మన జామఠా మైదానానికి ఏదైనా చిన్న జట్టు వస్తే, "వీళ్లతో ఆటేమిటి?" అని ఇంట కూర్చోవద్దు. పిల్లలను వెంటబెట్టుకొని వెళ్దాము. మంచి ఆట ఎవరు ఆడినా లేచి చప్పట్లు కొడదాము. నాయుడుగారు పుట్టిన ఊరికి అదే మర్యాద.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.