మంచం లోపలికొచ్చిన కథ

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళ సంగతి పగటిది. మనుషుల్ని నలిపేసేది ఆ కార్తెలో వచ్చే రాత్రి. పగలు నలభై నాలుగు డిగ్రీలు కాసినా, రాత్రి ఇరవై ఆరుకు దిగితే ఒళ్ళు కోలుకుంటుంది. ముప్ఫై రెండు దగ్గర మొండికేస్తే మాత్రం తెల్లవార్లూ పొర్లాటే. వాతావరణ శాఖ కూడా వడగాడ్పులకు తోడు ‘వేడి రాత్రుల’ హెచ్చరికలు విడిగా ఇస్తోంది. పగటి వేడి 40 డిగ్రీలకు తగ్గకుండా ఉండి, రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత మామూలు కన్నా 4.5 డిగ్రీలో అంతకు మించో ఎక్కువైతే అది వేడి రాత్రి కింద లెక్క.

ఈ రాత్రుల్ని ఇంటిల్లిపాదీ ఎలా గడిపారన్న చరిత్ర చెప్పమంటే చాలామంది పంకాతో మొదలుపెట్టి ఫ్యాను, కూలరు, ఏసీ అని వరుస చెబుతారు. ఆ వరుస తప్పు కాదు. కానీ నాకు కనిపించినంతవరకు అసలు మలుపు యంత్రం వల్ల రాలేదు, ఇంటి వల్ల వచ్చింది. వాకిట్లో ఉన్న మంచం గదిలోకి వచ్చాకే మిగతావన్నీ తప్పనిసరయ్యాయి.

కాబట్టి మంచంతోనే మొదలుపెడదాం. 14వ శతాబ్దంలో మొరాకో నుంచి వచ్చిన యాత్రికుడు ఇబన్ బతూతా మన దేశపు మంచాన్ని చూసి ముచ్చటపడ్డాడు. నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు, మధ్యలో పట్టుతోనో నూలుతోనో అల్లిక. ఒక్క మనిషి మోసుకుపోయేంత తేలిక. ప్రయాణాల్లో మంచాన్ని వెంట తెచ్చుకునేవారని కూడా రాశాడు. మన నులక మంచం, నవారు మంచం ఆ కుటుంబానివే. వేసవిలో దాని గొప్పతనమంతా రెండు లక్షణాల్లో ఉంది. ఒకటి, ఎత్తి బయట వేసుకోవచ్చు. రెండు, అడుగు నుంచి కూడా గాలాడుతుంది. పరుపు మీద పడుకుంటే వీపు సగం ఒళ్ళు. ఆ సగానికి చెమట ఆరే దారి ఉండదు. నులక మీద అలా కాదు. ఒంటి మీద వాతలు పడతాయన్నది నిజమే కానీ, వేసవిలో ఆ బాధ పెద్దదిగా ఎవరికీ తోచదు.

నిద్రపట్టే ముందు శరీరం లోపలి వేడిని కొంచెం దించుకుంటుంది. అందుకోసం చేతులకు, కాళ్ళకు రక్తం ఎక్కువగా పంపి చర్మం ద్వారా వేడిని వదిలేస్తుంది. చుట్టూ గాలి కూడా వేడిగా ఉంటే ఆ పని సాగదు, ఇక చెమట ఒక్కటే దిక్కు. పడుకోబోయే ముందు కాళ్ళు కడుక్కోమని అమ్మమ్మలు పోరు పెట్టేది ఇల్లు మురికి కాకూడదనే కావచ్చు. ఆ అలవాటు నిద్రకు కూడా పనికొచ్చింది.

సాయంత్రం వాకిట్లో కడవలకొద్దీ నీళ్ళు చల్లేవారు. మట్టి నేల ఆ తడిని పీల్చుకుని, రాత్రంతా కొంచెం కొంచెంగా వదులుతూ చల్లబడేది. ఆరుబయట పడకకు ఇంకో లాభం ఉంది, అది కంటికి కనిపించదు. మబ్బు లేని రాత్రి ఆకాశం మన ఒంటి కన్నా చాలా చల్లన. దాని కింద వెల్లకిలా పడుకున్న మనిషి ఒంటి వేడి, గాలితో పనిలేకుండానే, నేరుగా పైకి పోతుంది. ఇది ఎంత బలమైనదో అలహాబాదు మంచు చెబుతుంది. చలికాలంలో అక్కడ లోతు లేని మట్టి మూకుళ్ళలో నీళ్ళు పోసి, గడ్డి పరిచిన గుంటల్లో పెట్టి, తెల్లవారేసరికి మంచు పొరలు ఏరుకునేవారు. గాలి గడ్డకట్టేంత చల్లగా లేని రాత్రుల్లో కూడా అలా మంచు తయారవడం చూసిన రాబర్ట్ బార్కర్ అనే ఆంగ్లేయుడు 1775లో ఆ పద్ధతిని లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వివరించాడు. మూకుట్లో నీళ్ళను గడ్డకట్టించిన ఆ ఆకాశమే మే నెలలో మన వాకిట్లో మంచాల మీద కూడా కాస్తో కూస్తో పని చేసింది.

అయితే ఆరుబయట నిద్ర గురించి చెప్పేటప్పుడు అందరూ కాస్త తీపి ఎక్కువ కలుపుతారు. సప్తర్షి మండలం చూపిస్తూ తాతయ్య చెప్పే కథలు నిజమే. అర్ధరాత్రి గాలివాన వస్తే పక్కలు చుట్టుకుని పిల్లల్ని ఎత్తుకుని పరిగెత్తడం కూడా అంతే నిజం. తేళ్ళు, పాములు ఉండనే ఉన్నాయి. ఆ గాలి అందరికీ సమానంగా దక్కలేదు కూడా. వీధి వాకిలి మగవాళ్ళది. ఆడవాళ్ళు పెరట్లోనో వసారాలోనో సర్దుకునేవారు. కొత్త దంపతులు, బాలింతలు ఎంత ఉక్కలోనైనా గదిలోనే. తాటాకు విసనకర్ర పుట్టింది వాళ్ళకోసమే అనిపిస్తుంది. పిల్లవాడికి విసురుతూ విసురుతూ తల్లి చెయ్యి జారిపోయేది, వాడు లేచేవాడు, మళ్ళీ మొదలు.

డబ్బున్నవాళ్ళు మాత్రం లోపలే చల్లదనాన్ని తయారు చేయించుకున్నారు. అక్బరు కొలువు గురించి అబుల్ ఫజల్ రాసిన ‘ఐనె అక్బరీ’లో సురేకారంతో నీళ్ళు చల్లబరిచే పద్ధతి ఉంది, వట్టివేళ్ళతో అల్లిన గదులకు నీళ్ళు చల్లే ముచ్చటా ఉంది. వట్టివేళ్ళ తడికలు కిటికీలకు, గుమ్మాలకు కట్టి తడిపితే, వాటి గుండా వచ్చే వేడిగాలి నీటిని ఆవిరి చేస్తూ తన వేడిని పోగొట్టుకుంటుంది. హైదరాబాదు ఇళ్ళలోనూ, ఆ తర్వాత తెల్లదొరల బంగళాల్లోనూ ఇవి వేలాడాయి. కొనలేనివాళ్ళు గోనె సంచులు తడిపి కట్టుకున్నారు. వాసన వేరు, చేసే పని ఒకటే. 19వ శతాబ్దంలో దొరలకు బయట గాలి కోసం ఎదురుచూసే ఓపిక లేకపోయింది. పెద్ద పెట్టెలో తూర్పారబట్టే యంత్రం లాంటి రెక్కల చక్రం బిగించి, పెట్టె పక్కలకు వట్టివేళ్ళ తడికలు కట్టి, ఒక మనిషి చేత పిడి తిప్పించి గాలిని గదిలోకి తోయించారు. దానికి ‘థర్మాంటిడోట్’ అని పేరు పెట్టుకున్నారు. మోటారు ఒక్కటి తక్కువ, అది మన కూలరే.

ఆ పిడి తిప్పినవాడికి, పంకా తాడు లాగినవాడికి నిద్ర సంగతి ఎవరూ అడగలేదు. పంకా అంటే ఇంటికప్పు నుంచి వేలాడే గుడ్డ చట్రం. తాడు గోడలోని కంత గుండా వసారాలోకి వెళ్ళేది, అక్కడ కూర్చున్న కూలీ రాత్రంతా లాగుతూనే ఉండాలి. కునుకు తీస్తే పంకా ఆగుతుంది, లోపల దొర లేస్తాడు. తన్నులకు పంకా కూలీలు చనిపోయిన కేసులు ఉన్నాయి. కోర్టుల్లో తరచూ వినిపించిన వాదన, మలేరియా వల్ల వాడి ప్లీహం అప్పటికే ఉబ్బి ఉందని, అందుకే చిన్న దెబ్బకే పగిలిందని. దొరలకు చిన్న జరిమానాలతో సరిపోయేది. వేసవి నిద్ర చరిత్రలో నాకు అన్నిటికన్నా రోత పుట్టించే పుట ఇదే. చల్లటి నిద్రకు డబ్బు మరో దారి కూడా వెతుక్కుంది. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ అమెరికాలోని చెరువుల మీద కోసిన మంచును 1833లో కలకత్తాకు ఓడలో దింపాడు. మద్రాసులో దాన్ని దాచడానికి 1842లో కట్టిన ఐస్ హౌస్ ఇప్పటికీ సముద్రపు ఒడ్డున ఉంది. 1897లో స్వామి వివేకానంద బస చేసింది ఆ భవనంలోనే.

ఆ 1897లోనే ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. పంకా కూలీల ప్లీహం ఉబ్బడానికి మూలం అక్కడ దొరికింది. ఆరుబయట నిద్రకు అసలు శత్రువెవరో కూడా తేలింది. మంచం పట్టెలకు నాలుగు కర్రలు కట్టి దోమతెర వేలాడదీస్తే దోమ ఆగుతుంది, గాలి కూడా సగం ఆగుతుంది. ఊళ్ళు పట్నాలై, మురుగు కాలవలు పెరిగాక ఈ బేరం గిట్టుబాటు కాలేదు. దొంగల భయం తోడైంది. ఇళ్ళ మధ్య సందులు ఇరుకై వాకిళ్ళే మాయమయ్యాయి. మంచం మెల్లగా గుమ్మం దాటి లోపలికొచ్చింది.

సరిగ్గా అప్పటికి ఫ్యాను సిద్ధంగా ఉంది. సింగర్ కుట్టు మిషన్లకు మోటారు చేసిన ఫిలిప్ డీల్ అనే జర్మన్ అమెరికన్ 1882లో ఆ మోటారుకే రెక్కలు తగిలించి ఇంటికప్పుకు వేలాడదీశాడు. కలకత్తాకు 1899లో కరెంటు వచ్చాక పంకా కూలీల అవసరం ఒక్కో బంగళాలో తీరిపోతూ వచ్చింది. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కేంద్రం 1920లో మొదలైంది. పల్లెలకు తీగలు చేరడానికి మాత్రం ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది. చేరాక ఇంట్లో దీపం తర్వాత వచ్చింది ఫ్యానే.

ఇక్కడే తిరకాసు. ఫ్యాను వచ్చిన కాలానికి అటూ ఇటూగా తాటాకు కప్పులు, పెంకులు, మట్టి మిద్దెలు పోయి సిమెంటు స్లాబు వచ్చింది. డాబా ఇల్లంటే పరువు, తుపానుకు ఎగిరిపోని భద్రత. వద్దనడానికి ఎవరికీ కారణం కనిపించలేదు. కానీ నాలుగైదు అంగుళాల కాంక్రీటు పగలంతా ఎండ తాగుతుంది. ఆ వేడి అడుగుకు దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. అంటే మధ్యాహ్నపు ఎండ సరిగ్గా మనం పక్క వేసుకునే వేళకు గదిలోకి దిగుతుందన్నమాట. తాటాకు కప్పుకు ఈ దాచుకునే బుద్ధి లేదు, పొద్దుగుంకగానే చల్లబడిపోయేది. ఫ్యాను గాలిని చల్లబరచదు, కదుపుతుంది అంతే. స్లాబు కింద పోగైన వేడిని తెచ్చి మన మీదే పోస్తుంది. చెమట ఆరుతున్నంతసేపు అది మేలే. గది వేడి 40 డిగ్రీలు దాటితే మాత్రం ఫ్యాను ఒంటిని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. కొన్నాళ్ళు జనం దీనికి మంచి ఉపాయమే పట్టారు: సాయంత్రం డాబా మీద నీళ్ళు కొట్టి, చాపలూ బొంతలూ పైకి మోసుకెళ్ళి అక్కడే పడుకున్నారు. వాకిలి పైకెక్కిందన్నమాట. అపార్ట్‌మెంట్లు వచ్చి ఆ మెట్లకు తాళం వేశాయి.

కూలరు కథ చిన్నది. అమెరికాలో అరిజోనా ఎడారి వాళ్ళు వేసవి రాత్రుల్లో ఇంటి వరండాల్లో తడి దుప్పట్లు వేలాడదీసుకుని పడుకునేవారు. 1930ల్లో అక్కడ పెట్టెకు ఫ్యాను, నీళ్ళ పంపు, చెక్క పీచు బిగించిన యంత్రాలు ఇంటింటా కనిపించాయి. మన దగ్గర వెల్డింగు షాపుల్లో రేకు కూలర్లు తయారయ్యాయి, ఏటా ఎండలు ముదరగానే ‘గడ్డి’ మార్చడం ఒక పనైంది. పొడి గాలి ఉన్న చోట, అంటే అనంతపురం, ఆదిలాబాద్ వైపు, కూలరు బ్రహ్మాండంగా పని చేస్తుంది. విశాఖలో, కాకినాడలో గాలే తడి. అక్కడ కూలరు పెడితే ఉక్క రెట్టింపవుతుంది. ఇంకో పొరపాటు ఊరూరా చూస్తాను: కూలరు వేసి, చల్లదనం పోతుందని కిటికీలు మూసేయడం. లోపలి తడి గాలి బయటికి పోయే దారి లేకపోతే అరగంటలో గది ఆవిరి పెట్టినట్టవుతుంది. ఒక కిటికీ తెరిచే ఉంచాలి.

ఏసీ పుట్టింది నిద్ర కోసం కాదు. 1840ల్లో ఫ్లోరిడాలో జాన్ గోరీ అనే వైద్యుడు జ్వరపీడితుల గదులు చల్లబరచాలని మంచు చేసే యంత్రం తయారు చేసి, 1851లో పేటెంటు పొంది, చివరికి డబ్బు పెట్టేవాళ్ళు లేక చితికిపోయాడు. 1902లో విల్లిస్ క్యారియర్ చేసిన యంత్రం న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చు యంత్రశాల కోసం. గాలిలో తేమకు కాగితం సాగి, ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా పడేది కాదు. ఆ తేమ తీసేసే యంత్రమే గాలినీ చల్లబరిచింది. కాగితం సుఖపడిన ఎన్నో ఏళ్ళకు గానీ మనిషి వంతు రాలేదు.

మన మధ్యతరగతి ఇళ్ళలో ఏసీ ఒక చిత్రం చేసింది. ఎవరి గది వాళ్ళదని విడిపోయిన కుటుంబాన్ని మే నెల వచ్చేసరికి మళ్ళీ ఒకే చోట పడుకోబెట్టింది. ఒక్క గదికే ఏసీ. మంచం మీద నాన్నమ్మ, కింద పరుపుల మీద పిల్లలు, తలుపు దగ్గర తండ్రి. చల్లదనం ఎంత ఉండాలన్న తగువు కూడా కుటుంబంతో పాటే వచ్చింది. స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని 2020 జనవరి నుంచి నియమం ఉంది. పద్దెనిమిదికి దించి దుప్పటి కప్పుకోవడం కన్నా ఇరవై ఆరు దగ్గర పెట్టి ఫ్యాను మెల్లగా తిప్పుకోవడం నయం. పసిపిల్లలకు జలుబు, బిల్లుకు జ్వరం రెండూ తగ్గుతాయి.

ఏసీ తన గది వేడిని తీసుకెళ్ళి సందులో పోస్తుంది, ఎదురింటి కిటికీ ఆ వేడిని తీసుకుంటుంది. అందుకే చివరికి మళ్ళీ కప్పు దగ్గరికే రావాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత దాని సారాంశం. ప్రభుత్వం కోసం ఆగనక్కర్లేదు. ఎండలు ముదరక ముందే డాబాకు రెండు పూతలు సున్నమో తెల్లటి కూల్ రూఫ్ పెయింటో వేయించండి. పై అంతస్తులో తేడా ఆ రాత్రే తెలుస్తుంది.

మరొక్క మాట. 2015 మే వడగాడ్పులకు దేశంలో రెండు వేలమందికి పైగా పోయారు, అందులో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాల వాళ్ళే. వయసు పైబడ్డాక చెమట తగ్గుతుంది, దాహం తెలియదు, ఉక్కగా ఉందని చెప్పడానికి మొహమాటం ఒకటి. వేడి రాత్రి హెచ్చరిక ఉన్న రోజు పై అంతస్తు గదిలో ఒక్కరే పడుకునే పెద్దవాళ్ళను కిందికి తీసుకురండి. ఇంట్లో ఉన్న ఆ ఒక్క చల్లటి గదిలో మొదటి మంచం వాళ్ళకే వేయండి.