అచ్చు ఆయుష్షు: బస్తర్ మైనపు పోత నుంచి సిలికోన్ దాకా

కరిగిన లోహాన్నో, నీళ్లలో కలిపిన ప్లాస్టర్‌నో, చిక్కని రబ్బరు ద్రవాన్నో ఒక గుల్లలో పోసి, గట్టిపడ్డాక ఆ గుల్ల రూపంలో బొమ్మను తీయడమే పోతపని. ఆ గుల్లనే అచ్చు అంటారు. బొమ్మ బయటికి వచ్చేటప్పుడు అచ్చు పగులుతుందా, నిలుస్తుందా, నిలిస్తే ఎన్ని బొమ్మలకు పనికొస్తుంది? పోతపని చరిత్రలోని పెద్ద మలుపులన్నీ ఈ ప్రశ్నల చుట్టూనే వచ్చాయి. బస్తర్ మట్టి అచ్చు ఒక్క బొమ్మతో తీరిపోతుంది. ప్లాస్టర్ అచ్చు కొన్నిటికి ఆగుతుంది. సిలికోన్ అచ్చు పదుల సంఖ్యలో బొమ్మలనిస్తుంది.

మైనంతో బొమ్మ చేసి, దాని చుట్టూ మట్టి పొదిగి, మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసే పద్ధతి చాలా పాతది. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో దొరికిన బండిచక్రం ఆకారపు చిన్న రాగి తాయెత్తు ఇలా పోసినదే. దాని వయసు సుమారు 6000 ఏళ్లు. 1926లో మొహెంజొదారో తవ్వకాల్లో బయటపడిన నాట్యగత్తె కంచుబొమ్మా ఇదే పద్ధతిది. ఎత్తు పదిన్నర సెంటీమీటర్లే. మహారాష్ట్రలో ప్రవరా నది ఒడ్డున ఉన్న దైమాబాద్‌లో 1974లో దొరికిన ఏనుగు, ఖడ్గమృగం, దున్న, ఎడ్లు కట్టిన రథం మరీ బరువైనవి. నాలుగూ కలిపి 60 కిలోలు దాటుతాయి.

ఇంత పాత పని ఇవాళ్టికీ ఇంటి పనిగా సాగుతున్న సీమల్లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ఒకటి. ఆ సీమ నైరుతి భాగంలోని బీజాపూర్ జిల్లా తెలుగువారికి పరాయిది కాదు. 2007లో దంతెవాడ నుంచి విడదీసిన ఈ జిల్లా నైరుతి మూలన ఇంద్రావతి వచ్చి గోదావరిలో కలుస్తుంది. హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు మీదుగా వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి ఈ జిల్లాలోని భోపాలపట్నం దగ్గర ముగుస్తుంది. ఆ చుట్టుపక్కల దోర్లాల మాటలోనూ సంతలోనూ తెలుగు వినిపిస్తుంది. కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఓరుగల్లు పతనమయ్యాక ఇటు వచ్చి రాజ్యం నిలిపాడన్నది బస్తర్ రాజవంశం చెప్పుకున్న కథ.

పోతపనికి పేరుబడ్డ ఊళ్లు మాత్రం బస్తర్‌లో కొండగావ్, జగదల్‌పూర్ పరిసరాల్లో ఉన్నాయి. పని చేసేవారు ఘడ్వాలు. దేవగుడులకు దేవతామూర్తులు, గుర్రాలు, ఏనుగులు, గంటలు, దీపాలు, ఆడవాళ్లకు కడియాలు వారి చేతి మీదుగానే వచ్చేవి. గోండు సీమకు మరో అంచున, ఆదిలాబాద్ అడవుల్లో, ఇదే పని ఓజాలది. జైనూరు వైపు ఉషెగాం, కేస్లాగూడ ఓజాల ఊళ్లుగా పేరుపొందాయి. బజారులో రెండు చోట్ల పనినీ ‘డోక్రా’ అంటున్నారు. ఆ పేరు బెంగాల్ వైపు పోతపనివారి నుంచి వచ్చి అందరికీ అంటుకుంది. బస్తర్ డోక్రాకు 2008లో, ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. జనగామ దగ్గర పెంబర్తి ఇత్తడి పని ఈ కోవలోకి రాదు. అక్కడ ఇత్తడి రేకును సుత్తితో కొట్టి ఉబ్బెత్తు బొమ్మలు తీస్తారు కాబట్టి అచ్చుతోనూ కొలిమిలో పోతతోనూ నిమిత్తం లేదు.

ఘడ్వా పనిలో మొదటిది మట్టి ముద్ద. ఊక, పేడ కలిపి పిసికిన మట్టితో బొమ్మ లోపలి దిమ్మ చేసి ఎండబెడతారు. ఇది లేకపోతే బొమ్మంతా గట్టి లోహమై, ఇత్తడి ఖర్చు భరించలేనిదవుతుంది. ఎండిన దిమ్మను చిక్కుడాకులతో రుద్దుతారు. ఆకు పసరు పైపొరను నున్నగా చేసి, మైనాన్ని పట్టి ఉంచుతుంది. తేనెమైనంలో సాలచెట్టు గుగ్గిలం కలిపి కాచి, వడగట్టి, చెక్క గొట్టంలో పెట్టి నొక్కితే సన్నని తీగలుగా దిగుతుంది. అసలు నేర్పంతా ఈ తీగల్లోనే ఉంది. వాటిని దిమ్మ మీద ఒకదాని పక్కన ఒకటి చుట్టి, అద్ది, మెలితిప్పి కళ్లు, నగలు, జడ, గుర్రం జీను తీరుస్తారు. బస్తర్ బొమ్మ ఒంటి మీద కనిపించే సన్నని గీతలు ఉలి గీతలు కావు, మైనపు తీగల ముద్రలు.

తర్వాతివి మట్టి పూతలు. మొదటి పూతకు మెత్తగా జల్లించిన మట్టి, బొగ్గుపొడి. మైనం మీది గీత గీతలోకీ దిగేది ఇదే. దాని మీద ముతక మట్టి, ఊక. ఆ పైన పుట్టమన్ను. ఒక చోట లోహం దిగడానికి దారి వదులుతారు. అచ్చును కాల్చితే సుమారు 63 డిగ్రీలకే మైనం కరిగిపోతుంది. మైనం ఉన్న మేరా ఖాళీ. 900 డిగ్రీలు దాటిన వేడిలో కరిగిన ఇత్తడి ఆ ఖాళీలోకి వెళుతుంది. చల్లారాక మట్టిని పగలగొట్టి బొమ్మను తీసి, ఆకురాయితో సానపెడతారు. మైనం పోయింది, అచ్చు పోయింది, మిగిలింది బొమ్మ. మరో బొమ్మ కావాలంటే మళ్లీ మట్టి ముద్ద నుంచే మొదలు. ఒకే చేతి నుంచి వచ్చిన రెండు బస్తర్ గుర్రాలు ఒకేలా ఉండకపోవడానికి కారణం ఇదే. దీన్ని లోపమనుకున్న వ్యాపారులు ఒకప్పుడు ఉండి ఉండవచ్చు. ఇప్పుడు దాని విలువే అది.

ఎంత లోహం కరిగించాలన్న లెక్క శాస్త్రానికి ఎక్కి తొమ్మిది వందల ఏళ్లయింది. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసంలో మైనంతో విగ్రహం పోసే విధానం వరసగా ఉంది. మైనాన్ని ముందే తూచి, ఏ లోహం పోయాలో దాన్నిబట్టి ఇన్ని రెట్లు తీసుకోవాలని అందులో చెప్పారు. తేనెమైనం నీటికంటే కొంచెం తేలిక, ఇత్తడి నీటికంటే ఎనిమిదిన్నర రెట్లు బరువు. అంటే కిలో మైనం పట్టిన బొమ్మకు దాదాపు తొమ్మిది కిలోల ఇత్తడి కావాలి. దారిలో మిగిలిపోయేది దీనికి అదనం.

ప్లాస్టర్ కథ వేరే దారిన నడిచింది. జిప్సం రాయిని సుమారు 150 డిగ్రీల దగ్గర వేడిచేస్తే అందులోని నీటిలో ముప్పావు వంతు పోయి పొడి మిగులుతుంది. ఆ పొడిని నీళ్లలో కలిపితే, పోయిన నీటిని మళ్లీ పట్టుకుని, నిమిషాల్లో రాయిగా బిగుసుకుంటుంది. బిగిసేటప్పుడు చేతికి వెచ్చగా తగులుతుంది, రవ్వంత వ్యాకోచిస్తుంది కూడా. ఆ రవ్వంతే దీని గొప్పతనం. వేలిముద్రల గీతల్లోకి సైతం జొరబడి అచ్చు దించుకుంటుంది. పారిస్‌లోని మోంమార్త్ర గుట్ట కింది జిప్సం గనుల వల్ల దీనికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అన్న పేరు నిలిచినా, పని అంతకంటే చాలా పాతది. ఈజిప్టులోని అమర్నాలో శిల్పి తుత్మోసు పనిశాలను 1912లో జర్మన్లు తవ్వినప్పుడు నెఫెర్తితి ప్రతిమతోపాటు ప్లాస్టర్ ముఖాలు బయటపడ్డాయి. వాటి వయసు 3300 ఏళ్లు. బతికున్న మనిషి ముఖం మీద ప్లాస్టర్ అచ్చు తీసి, అందులో మైనం పోసి సరిదిద్దిన మొదటివాడు గ్రీకు శిల్పి లిసిస్ట్రాటస్ అని రోమన్ రచయిత ప్లినీ రాశాడు.

ప్లాస్టర్‌కు ఒక గట్టి ఇబ్బంది ఉంది. అది వంగదు. చెవి వెనకా, గడ్డం కిందా, ముడిచిన వేళ్ల మధ్యా అచ్చు ఇరుక్కుంటుంది. దానికి శిల్పులు రెండు మార్గాలు కనిపెట్టారు. ఒకటి, అచ్చు మీద ఆశ వదులుకోవడం. మట్టి నమూనా మీద ప్లాస్టర్ పోసి, లోపలి మట్టిని తవ్వి తీసి, లోపల సబ్బు రాసి మళ్లీ ప్లాస్టర్ నింపి, బయటి అచ్చును ఉలితో చిన్నగా చెక్కేయడం. లోపలి బొమ్మ ఎక్కడ మొదలవుతుందో తెలియడానికి మొదటి పొరలో కాస్త రంగు కలుపుతారు. ఇక్కడా బస్తర్‌లో లాగే ఒక అచ్చుకు ఒకే బొమ్మ. రెండోది ముక్కల అచ్చు. ఒక్కో ముక్క దాని దారిన అది ఊడి వచ్చేలా, బొమ్మను పదులకొద్దీ ముక్కల్లో పొదిగి, వాటన్నిటినీ పట్టి ఉంచే తొడుగు ఒకటి పైన పోస్తారు. ఇది ఓపిక పని. అయితే అచ్చు నిలుస్తుంది. 19వ శతాబ్దంలో యూరప్ మ్యూజియాలన్నీ ప్రసిద్ధ శిల్పాల ప్లాస్టర్ నకళ్లతో నిండిపోయాయి. లండన్‌లో 1873లో తెరిచిన నకళ్ల శాలలో రోమ్‌లోని ట్రాజన్ స్తంభం నకలు కప్పు కింద పట్టక రెండు ముక్కలుగా నిలబెట్టారు. 1863లో పాంపేయిలో ఫియోరెల్లి చేసిన పని మరీ విచిత్రం. బూడిదలో కుళ్లిపోయిన మనుషుల ఖాళీలే అచ్చులయ్యాయి. ఆయన వాటిలో ప్లాస్టర్ పోయించాడు.

మన వైపు ఈ చదువు బ్రిటిషువారి కళాశాలలతో వచ్చింది. మద్రాసు కళాశాల 1850లో మొదలైంది. 1929 నుంచి 1957 దాకా దాన్ని నడిపిన దేవీప్రసాద్ రాయ్ చౌదురి దగ్గర అంట్యాకుల పైడిరాజు వంటి తెలుగువారు చదువుకున్నారు. మట్టిలో నమూనా, దాని మీద ప్లాస్టర్, ఆ తర్వాత కంచు అన్న వరస అలా స్థిరపడింది. ఈ చదువుకూ ఘడ్వా కొలిమికీ చాలాకాలం చుట్టరికం లేదు. ఆ రెండిటినీ కలిపినది మీరా ముఖర్జీ (1923–1998). మ్యూనిక్‌లో శిల్పం చదివి వచ్చిన ఆమె బస్తర్‌కు వెళ్లి ఘడ్వాల దగ్గర పని నేర్చుకున్నారు. వారి మైనపు తీగల పద్ధతిని మనిషికంటే పెద్ద విగ్రహాలకు ఎక్కించారు. దేశంలోని పోతపనివాళ్ల గురించి ఆమె రాసిన పుస్తకం 1978లో వచ్చింది. 1982లో భోపాల్‌లో భారత్ భవన్ తెరిచాక అక్కడి రూపంకర్ మ్యూజియం బస్తర్ పనిని పట్నపు చిత్రకారుల పనితో సమానంగా నిలబెట్టింది. కొండగావ్ శిల్పి జయదేవ్ బఘేల్ పేరు దేశం దాటింది. ఈ వరసలో పెద్ద గౌరవం మీరా ముఖర్జీకే ఇవ్వాలి. పని నేర్పినవారిని ఆమె గురువులుగా చూశారు, సరుకు అందించేవారిగా కాదు.

వంగే అచ్చు కోసం వెతుకులాట 19వ శతాబ్దంలోనే మొదలైంది. జంతువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసే జెలటిన్‌ను వేడిచేసి పోస్తే మెత్తని అచ్చు వచ్చేది. వచ్చిన చిక్కల్లా అది రోజుల్లో కుంచించుకుపోవడం, బిగుసుకునే ప్లాస్టర్ వేడికి మెత్తబడడం. తర్వాత రబ్బరు పాలు వచ్చాయి. హైదరాబాద్ ధూల్‌పేటలో వినాయక చవితికి వరసగా తయారయ్యే ప్లాస్టర్ విగ్రహాలు రబ్బరు అచ్చుల్లో కొబ్బరిపీచు దన్నుతో పోసినవే. ఇక్కడ పేచీ ప్లాస్టర్ వల్లే వచ్చింది. నీటిలో కరగని ఆ విగ్రహాలు చెరువుల్లో పేరుకుపోతుండటంతో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మార్గదర్శకాల్లో వాటిని వద్దంది.

రబ్బరు పాల తర్వాత వచ్చిన సిలికోన్‌కు తల్లివంటిది ఇసుక. ఇసుకలోని సిలికాన్ మూలకాన్ని విడదీసి, ఆక్సిజన్‌తోనూ కర్బన సమూహాలతోనూ పొడవాటి గొలుసులుగా కట్టిన పదార్థమిది. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ కిప్పింగ్ 20వ శతాబ్దం మొదట్లో ఈ జాతి పదార్థాలపై దశాబ్దాలు పనిచేసి, పేరూ తానే పెట్టాడు. తన ప్రయోగాల్లో వచ్చిన జిగురు ముద్దలు ఎందుకైనా పనికొస్తాయని ఆయనకు నమ్మకం కలగలేదు. 1940లో అమెరికాలో యూజీన్ రోకో, అదే రోజుల్లో జర్మనీలో రిచర్డ్ ముల్లర్, చవకగా తయారుచేసే దారి కనిపెట్టారు. 1943లో డౌ కార్నింగ్ సంస్థ పుట్టింది. మామూలు గది వేడిలోనే గట్టిపడే రకాలు 1950ల తర్వాత శిల్పుల చేతికి చిక్కాయి.

ఈ అచ్చు చేసే తీరు ఇలా ఉంటుంది. నమూనా మీద మొదట పలుచని సిలికోన్ పొరను గాలి బుడగలు లేకుండా కుంచెతో పూస్తారు. అది బిగిశాక మందమైన పొరలు వేస్తారు. ఇంతా చేస్తే అది మెత్తని తోలే, తనంత తాను నిలబడదు. అందుకని దాని చుట్టూ ప్లాస్టర్‌తో గట్టి తొడుగు పోస్తారు. పాతదాన్ని కొత్తది వెళ్లగొట్టలేదు, పక్కన నిలబెట్టుకుంది. సిలికోన్‌ను గట్టిపరిచే మందుల్లో తగరం రకం చవక, కాలంతో కాస్త కుంచించుకుంటుంది. ప్లాటినం రకం కొలత తప్పదు గానీ సున్నితమైనది. గంధకం ఉన్న నమూనా మట్టి తగిలితే గట్టిపడనే పడదు.

దీనికి తిరగేసిన పద్ధతి కూడా ఉంది. ప్లాస్టర్ అచ్చులోనే సిలికోన్ పోసి, ఆ సిలికోన్‌నే శిల్పంగా నిలపడం. ఇందుకు అచ్చు పూర్తిగా ఆరాలి. దాని సన్నని రంధ్రాలను లక్కవార్నిష్‌తో మూసి, వాజలిన్ వంటి జిడ్డు రాయాలి. తడి మిగిలితే బొమ్మ మీద బుడగలు వస్తాయి. రంగును ద్రవంలోనే కలుపుతారు కాబట్టి వెలుతురు చర్మంలోకి దిగినట్టే దిగి తిరిగి వస్తుంది. వెంట్రుకలను సూదితో ఒక్కొక్కటిగా గుచ్చుతారు. ఆస్ట్రేలియాలో పుట్టిన రాన్ మ్యూక్ 1996–97లో తన తండ్రి మృతదేహాన్ని అసలు పొడుగుకంటే చిన్నగా సిలికోన్‌లో చేసి పెట్టినప్పుడు లండన్ ప్రేక్షకులు ఉలిక్కిపడ్డారు.

అన్నీ చేయగల సిలికోన్ ఇత్తడి దగ్గర ఆగిపోతుంది. ఎక్కువ రకాలు 200 డిగ్రీల చుట్టుపక్కలకే తట్టుకుంటాయి. తగరం లాంటి తేలిగ్గా కరిగే లోహాలకు ప్రత్యేక రకాలున్నా, కరిగిన కంచుకు అవి కాలి బూడిదే. అందుకే నేటి కంచు కార్ఖానాల్లో సిలికోన్ అచ్చులో పోసేది లోహాన్ని కాదు, మైనాన్ని. ఆ మైనపు నకలు మీద ప్లాస్టర్, ఇటుకపొడి కలిపిన ముద్దనో, వేడి తట్టుకునే మరో పూతనో పొదిగి, మైనం కరిగించి లోహం పోస్తారు. చివరి అచ్చు ఇప్పటికీ పగలాల్సిందే. సిలికోన్ మార్చినది దానికి ముందు మెట్టును మాత్రమే. ఒక్కో బొమ్మకూ కొత్తగా మైనపు తీగలు చుట్టే అవసరాన్ని అది తప్పించింది.

కొనేవారికి ఈ తేడా తెలుసుకునే గుర్తులు ఉన్నాయి. రబ్బరు అచ్చులో పోసిన మైనం నుంచి వచ్చిన బొమ్మకు రెండు సగాలు కలిసిన చోట సన్నని అతుకు గీత మిగులుతుంది. సానపట్టి దాన్ని చెరిపేసినా, పక్కనే ఉన్న మరో బొమ్మతో పోల్చి చూస్తే తీగల వంపులు, చుట్లు, తప్పులతో సహా అన్నీ ఒకేలా ఉంటాయి. అలాంటి జంట కనిపిస్తే అది డోక్రా అని రాసి ఉన్నా ఘడ్వా, ఓజాల పద్ధతిలో చేసినది కాదు.