హైదరాబాద్ నుంచి జిద్దా: నెలల సఫర్, ఆరు గంటల సఫర్

హైదరాబాద్ నుంచి జిద్దా ఎంత దూరం? గాల్లో సుమారు 4,130 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకపోతే దాదాపు ఆరు గంటలు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. అంటే పొద్దున 10 గంటలకు శంషాబాద్‌లో లేచిన విమానం అక్కడి టైం ప్రకారం మధ్యాహ్నం 1.30కే దిగుతుంది.

మన బుజుర్గుల లెక్క వేరు. 1874లో సికింద్రాబాద్–వాడి రైలు మార్గం పడ్డాక దక్కన్ హాజీలకు బొంబాయి చేరడం సులువైంది. అసలు సఫర్ మాత్రం అక్కడే మొదలు. జహాజ్ కోసం ఇంతెజార్, తర్వాత సుమారు 2,300 నాటికల్ మైళ్ల సముద్రం. ఏడెన్ దాటి, బాబుల్ మందబ్ గుండా ఎర్ర సముద్రంలోకి. పాత ఓడలకు పది పదిహేను రోజులు పట్టేది. హజ్ వానాకాలంలో పడితే అలలు ఇంకో ఇమ్తెహాన్. 1882 నుంచి చాలా ఏళ్లపాటు యెమెన్ దగ్గరి కమరాన్ దీవిలో క్వారంటైన్ కూడా ఉండేది, కలరా భయంతో. ఎంవీ అక్బరీ లాంటి హజ్ ఓడలు 1995లో ఆగిపోయాయి.

ఓడలో యలమ్‌లమ్ మీఖాత్ దగ్గర పడుతుంటే తీరిగ్గా ఘుస్ల్ చేసి ఎహ్రామ్ కట్టుకునేవారు. విమానం మీఖాత్‌ను నిమిషాల్లో దాటేస్తుంది. అందుకే నేరుగా జిద్దా వెళ్లి ఉమ్రా చేసేవాళ్లు ఇక్కడే ఎహ్రామ్ కట్టుకుని ఎక్కుతున్నారు. నియ్యత్, లబ్బైక్ మాత్రం గాల్లో.

తేడా ఒక్క టైంలోనే కాదు. వెళ్లినవాళ్లు తిరిగొస్తారన్న భరోసా ఆ రోజుల్లో లేదు. అందుకే కర్జాలు తీర్చేవారు, అమానత్‌లు అప్పగించేవారు, వసీయత్ రాసేవారు. గడప గడపకూ వెళ్లి "కహా సునా మాఫ్ కర్నా" అని చేతులు పట్టుకునేవారు.

ఇప్పుడు ఆ మాట ప్రతి హజ్ సీజన్‌లో నా ఫోన్‌కు వాట్సాప్ ఫార్వర్డ్‌గా వస్తుంది. అందరికీ ఒకటే మెసేజ్, ఒకటే గులాబీ బొమ్మ. పంపినవాళ్ల నియ్యత్ మీద నాకు షక్ లేదు. కానీ ఎవరి హక్ మన దగ్గర ఉండిపోయిందో ఆ మనిషికి ఫార్వర్డ్ సరిపోదు. అక్కచెల్లెళ్ల విరాసత్ హిస్సా ఇవ్వకుండా, అదే భూమి మీది ఆమ్దానీతో టికెట్ కొన్న ఇళ్లు మన మధ్య లేవా?

సఫర్ తగ్గింది గనుక తయ్యారీ కూడా తగ్గించుకోవచ్చని దీన్ చెప్పలేదు. విమానం మనకు మిగిల్చిన ఆ నెలల్లో రెండు రోజులు చాలు. జిద్దా ఆరు గంటలు. ఆపా ఇల్లు రెండు గల్లీల అవతలే. కాగితాలు పట్టుకుని ముందు అక్కడికి వెళ్దాం. అల్లాహ్ మనందరికీ తౌఫీఖ్ ఇవ్వుగాక, ఆమీన్.